కదలని రాళ్ళపై ఫిర్యాదు

మా పేట రాళ్ళతోటలోని రాతిబాట మళ్ళీ ఎప్పటిలాగే కదులుతున్నదని పాదచారులందరికీ సంతోషంతో తెలియజేస్తున్నాం. మధ్యలో కొద్దిరోజులపాటు అది కదలకుండా ఉండిపోయినందుకు చింతిస్తున్నాం. ఆ రోజుల్లో పడినవారు ఈపాటికి లేచే ఉంటారని నమ్ముతున్నాం. ఇంకా లేవనివారు తోట కార్యాలయానికి స్వయంగా నడిచివచ్చి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పై ప్రకటన రాసింది నేనే. బాటమిత్రమండలికి సహాయ కార్యదర్శిని కనుక ఇలాంటివన్నీ నా మెడకే చుట్టుకుంటాయి. గేటు దగ్గర బోర్డు చిన్నది. అందులో పట్టని సంగతులు ఇక్కడ రాస్తున్నాను. మీరు తెలిసినవాళ్ళు, అపార్థం చేసుకోరు.

రాళ్ళతోటలో రాళ్ళే గృహస్థులు, మొక్కలు చుట్టపుచూపుగా వచ్చినవి. గుండ్రాళ్ళు, నిలువురాళ్ళు, వాటి సందుల్లో నాగజెముళ్ళు. గేటు దగ్గర మొదలై వీటి మధ్యనుంచి వంకరలు తిరుగుతూ గుట్ట మీది సిమెంటు బల్ల దాకా పోయేది మా బాట. అందులో నాలుగువందల పన్నెండు పలకరాళ్ళున్నాయి. ఈ లెక్క మండలిది కాదు, మేస్త్రి వాళ్ళక్కది.

మేస్త్రి అంటే ఇరవై ఏళ్ళుగా ఆ బాట బాగోగులు చూస్తున్న మనిషి. ఆయన పని చూస్తే పనిలా ఉండేది కాదు. పొద్దున్నే గేటు దగ్గర చెప్పులు విడిచి, ఒట్టి కాళ్ళతో ప్రతి రాయీ తొక్కుకుంటూ బల్ల దాకా వెళ్ళేవాడు. ఏ రాయి వెంట్రుకవాసి ఊగినా అరికాలికి తెలిసిపోయేది. అక్కడ కూర్చుని, గునపంతో రాయి లేపి, అడుగున నాలుగు దోసిళ్ళ ఇసుక పోసి సర్ది, రాయి పెట్టి, దిమ్మిసతో నాలుగు పోట్లు పొడిచి లేచేవాడు. పావుగంట. రిజిస్టరు లేదు, సంతకం లేదు, ఫొటో లేదు. ఇలాంటి అరాచకం ఇరవై ఏళ్ళు సాగింది. ఆ ఇరవై ఏళ్ళలో బాట మీద ఒక్కరూ పడలేదంటారు గానీ, పడలేదనడానికి రాతపూర్వకమైన ఆధారం ఏదీ దొరకలేదు.

మేస్త్రి అక్కకి డెబ్బై దాటాయి. ఇంట్లో స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంటే ఎముకల డాక్టరు లోపల ఇనుప కడ్డీ వేశాడు. చూపు కూడా అంతంతమాత్రం. “చదునైన దారి మీద రోజూ నాలుగువందల అడుగులు నడవాలమ్మా. మానేశావో, ఇక మంచమే” అన్నాడు డాక్టరు. అందుకని ఆవిడ ఒక్కో రాయికి ఒక్కో అడుగు చొప్పున పైకి లెక్కపెట్టుకుంటూ నడిచేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే “నూటముప్ఫై ఆరు, బాగున్నావా నాయనా, నూటముప్ఫై ఏడు” అనేది. నాలుగువందల పన్నెండు కాగానే బల్ల మీద కూర్చునేది. కాసేపు గాలి పీల్చుకుని, వెనక్కి లెక్కపెట్టుకుంటూ దిగేది. డాక్టరు చెప్పినదానికి రెట్టింపు నడక. ఆవిడ స్వభావమే అంత, దేనికీ తగ్గదు.

ఇంతలో తోటకు కొత్త అధికారిగారు వచ్చారు. చురుకైనవారు. వచ్చిన వారానికే వానకు నాగజెముడు మలుపులో ఒక రాయి కుంగింది. ఆ రోజు మేస్త్రి చెప్పులు విడుస్తూ ఉండగానే అధికారిగారు ముందు నడిచి దాన్ని కనిపెట్టేశారు.

“పావుగంటలో సర్దేస్తానండి” అన్నాడు మేస్త్రి.

“ఏ రాయిని?”

“అదేనండి, తమరు నిలబడ్డది.”

“నేను నిలబడ్డదని ఫైల్లో రాస్తామా? నేను రేపు ఇంకోచోట నిలబడతాను. నంబరు చెప్పు.”

నంబరు లేదు. నాలుగువందల పన్నెండు రాళ్ళు ఊరూ పేరూ లేకుండా మనచేత తొక్కించుకుంటున్నాయని ఆనాడే మాకు తెలిసింది. అధికారిగారు కళ్ళు తుడుచుకున్నారు. ప్రతి రాయికీ నంబరు వేయాలని అక్కడికక్కడే తీర్మానించారు. కుంగిన రాయికి ముందస్తుగా పదిహేడు అని కేటాయించి, దానికింద వేయడానికి ఇసుక కావాలని రాసిపంపారు.

మర్నాటి మండలి సభలో నేను లేచి ఒక సందేహం వెలిబుచ్చాను. రాయి పైన రంగు పూస్తే దాని సహజ సౌందర్యం ఏం కావాలి? నంబర్లు అడుగున వేయిద్దాం అన్నాను. సభంతా లేచి నిలబడింది. తర్వాత చప్పట్లు. అధికారిగారు నన్ను కౌగిలించుకోలేదు గానీ, ఇంచుమించు ఆ పని చేశారు. నా జీవితంలో అంత తియ్యటి రోజు ఇంకోటి లేదు.

రంగులవాళ్ళు వచ్చారు. నాలుగువందల పన్నెండు రాళ్ళూ పెకలించి, వెల్లకిలా తిప్పి, నంబర్లు వేసి, మూడు రోజులు ఎండబెట్టి, చేతికి అందినదాన్ని అందినచోట పెట్టేశారు. మేస్త్రి వాళ్ళ వెనకాలే కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

“అయ్యా, ఎత్తిన రాయి కింద ఇసుక సర్దకుండా పెట్టకూడదండి. ఊగుతుంది.”

“ఇసుక ఒక్క రాయికే మంజూరైంది. మిగతావాటికి వాటి వంతు వచ్చినప్పుడు చూద్దాం” అన్నారు అధికారిగారు.

ఇసుక లారీ వచ్చింది. గేటు లోపల కుప్ప పోసింది. ఇక పదిహేడో రాయిని కనుక్కోవడమే తరువాయి. అది ఎక్కడుందో తెలియాలంటే అడుగున చూడాలి. అడుగున చూడాలంటే ఎత్తాలి. నెలకో రోజు అన్వేషణ జరపాలని నిర్ణయమైంది. ఇసుకకుప్ప దాటిన చోటునుంచి వరసగా రాళ్ళు లేపుతూ పోవాలి, తోట మూసేవేళకు ఎక్కడున్నా ఆపేయాలి, వచ్చే నెల మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఏడాదిన్నరలో అన్వేషణ నూటతొంభయ్యో రాయి దాటలేదు. ప్రతి అన్వేషణ తర్వాతా రాళ్ళు ఇంకాస్త వదులయ్యాయి. ఎంత వదులయ్యాయో రిజిస్టరులో నమోదు చేశాం. ఇసుకకుప్పను కుక్కలు బాగానే వాడుకున్నాయి.

ఒకరోజు అధికారిగారు బాట పరిస్థితిని స్వయంగా పరిశీలించడానికి బయల్దేరారు. మొదటి ఏడు రాళ్ళనూ నిలబడి పరిశీలించారు. ఎనిమిదో రాయిని పడుకుని పరిశీలించారు. పక్కనున్న నాగజెముడును కూడా పరిశీలించారు. ఆ చివరి పరిశీలన తాలూకు ముళ్ళు తియ్యడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు మండలిలో ఆయన బోర్లా పడుకునే ఇచ్చిన ఉపన్యాసం ఇప్పటికీ నా చెవుల్లో మోగుతోంది.

“రాయి కదులుతోందని కొందరు గగ్గోలు పెడుతున్నారు. కదలడమంటే ఏమిటి? ప్రాణం ఉండటం! కదలని బాటలు లోకంలో ఎన్నో ఉన్నాయి, చచ్చిపడున్నాయి. మనది సజీవ బాట! ఇక మారాల్సింది బాట కాదు మిత్రులారా, మన కాళ్ళు!”

కాళ్ళు మార్చుకోవడానికి తరగతులు పెట్టాం. రాయి ఎడమకు ఒరిగితే నడుము కుడికి. మోకాలు పైకి, చేతులు పక్కలకి. మలుపు దగ్గర చిన్న గెంతు. మొదట్లో నవ్వొచ్చింది. నాకు పద్దెనిమిది రోజుల్లో పట్టుబడింది. నెల తిరిగేసరికి పేటంతా అదే నడక. తోటలో అలవాటైన కాళ్ళు వీధిలో ఊరుకుంటాయా? బడికెళ్ళే పిల్లలు గెంతుతూ వెళ్ళేవారు, పోస్టుమాన్ ఒరుగుతూ వచ్చేవాడు. ఆఫీసుల్లో ఫైలు పట్టుకుని మోకాళ్ళెత్తి నడవనివాణ్ణి పనిదొంగ అనేవారు. దర్జీ అడగకుండానే ఒక కాలు పొడుగ్గా కుట్టేవాడు. పెళ్ళిచూపుల్లో అబ్బాయిని అటూ ఇటూ నడిపించి చూశాకే మాట ఇచ్చేవారు. ఎముకల డాక్టరు తన ఆసుపత్రిని తోట గేటుకు ఎదురుగా మార్చుకున్నాడు. మా నడక చూడటానికి పొరుగూళ్ళనుంచి జనం వచ్చేవారు. చూసి, ముక్కున వేలేసుకుని, నేర్చుకుని వెళ్ళేవారు.

ఒక్క మేస్త్రి అక్క మాత్రం నేర్చుకోలేదు. రాళ్ళు పెకలించిన రోజునుంచి ఆవిడ నడక ఇంటి వరండాలో సాగింది. వరండా పదకొండు అడుగులు. పదకొండు అటు, గోడ, పదకొండు ఇటు, గోడ. తిరిగి తిరిగి కళ్ళు తిరిగి కూర్చునేది. కాలు బిగుసుకుపోసాగింది. డాక్టరు చూసి పెదవి విరిచాడు. “వానలు మొదలయ్యేలోపు మళ్ళీ ఆ నాలుగువందల అడుగులూ పడాలి. లేదంటే నేనేం చెయ్యలేను” అన్నాడు.

మేస్త్రి అధికారిగారి గదికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

“మా అక్క మంచాన పడేట్టుందండి. బాట సర్దనివ్వండి.”

“మీ అక్కగారికి ఏ రాయితో ఇబ్బంది?”

“అన్నిటితోనండి.”

“అన్నీ అనే నంబరు రిజిస్టరులో లేదే.”

“ఇసుక గేటు దగ్గరే ఉందండి. మీరు ఊ అంటే చాలు.”

“అది పదిహేడుది” అన్నారు అధికారిగారు, కాస్త నొచ్చుకుని. “రేపు పదిహేడు దొరికి, నా ఇసుకేదంటే నేనేం చెప్పాలి?”

అయినా ఆయన జాలిగుండె. అక్కగారికి గెంతు తరగతిలో ఉచితంగా చోటు ఇస్తామన్నారు. ఆ కబురు విని ఆవిడ అన్న మాటలు నేను మినిట్సులో రాయలేదు.

“నన్ను గెంతమన్నాడా? తుంటిలో కడ్డీ ఉందని చెప్పావా లేదా ఒరేయ్? తీయించి ఆయనకి వేయించు. నాలుగు రోజులు తిన్నగా నడుస్తాడు!”

ఆ నెలలోనే మా బాటకు ఉత్తమ నిర్వహణ పురస్కారం ప్రకటించారు. ఇత్తడి ఫలకం తెచ్చుకోవడానికీ, దారిపొడుగునా బాటల నిర్వహణ గురించి నలుగురికీ చెప్పడానికీ అధికారిగారితోపాటు మండలి సభ్యులం ముప్ఫై ఇద్దరం పది రోజుల యాత్రకు బయల్దేరాం. నిర్వాహకులు లేని సమయంలో బాటకు ఏ హానీ కలగకూడదని తోటకు తాళం వేసి, తాళంచెవి నమ్మకస్తుడైన మనిషికి ఇచ్చాం. మేస్త్రికే ఇచ్చాం.

ఆ పది రోజుల్లో జరిగింది తర్వాత ఆ అక్కాతమ్ముళ్ళే నాకు చెప్పారు, దాపరికం లేకుండా. పొద్దుటే మేస్త్రి కుర్చీ వేసి అక్కను కూర్చోబెట్టేవాడు. బల్ల దగ్గర మొదలుపెట్టి కిందికి వచ్చాడు. రాయి లేపి, ఇసుక పోసి, రాయి పెట్టి, దిమ్మిస వేసేవాడు. ఆవిడ కర్రతో రాయి మీద కొట్టి చెవి పెట్టేది. కింద ఖాళీ ఉంటే మోత డొల్లగా వస్తుంది. “ఇది డొల్లరా, మళ్ళీ ఎత్తు” అనేది. గట్టిగా పలికితే “ఊ, పద” అనేది. కుర్చీ ఒక రాయి కిందికి జరిగేది. చూపు ఆనకపోయినా ఆవిడ చెవిని దాటి ఒక్క రాయీ పోలేదు. రోజుకు నలభైకి పైగా సర్దుతూ పదో రోజుకు గేటు దాకా వచ్చారు. అప్పటికి ఇసుకకుప్ప కూడా అయిపోయింది. కుప్ప కింద ఒక రాయి బయటపడింది. మేస్త్రి దాన్ని తిప్పి చూశాడు. పదిహేడు.

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారట. అడుగున మిగిలిన నాలుగు దోసిళ్ళ ఇసుక దానికే పోశారట.

మర్నాడు ఆవిడ కర్ర పట్టుకుని ఒకటినుంచి మొదలుపెట్టి నాలుగువందల పన్నెండు దాకా ఎక్కడా ఆగకుండా నడిచింది. బల్ల మీద కూర్చుని ఏడ్చింది. ఏమైందక్కా అంటే, ఎండ కళ్ళలో పడిందిరా అన్నదట. అప్పటికింకా ఎండ రాలేదు.

అదే రోజు పది గంటలకు మేము ఫలకంతో ఊరేగింపుగా వచ్చాం. గేటు దాటి, అలవాటు ప్రకారం మోకాళ్ళెత్తి, నడుములు వంచి బాట మీద కాలు పెట్టాం. రాయి కదలలేదు. మేము కదిలాం. అధికారిగారి మీద అధ్యక్షులవారు, అధ్యక్షులవారి మీద కోశాధికారి, వారందరి మీద నేను. ముప్ఫై ముగ్గురం మూడు నిమిషాల్లో ఒకే కుప్ప అయ్యాం. పైన ఫలకం చెక్కుచెదరకుండా మెరుస్తోంది.

అధికారిగారు ఆసుపత్రి మంచం మీదినుంచే ఉత్తర్వు జారీచేశారు. బాటను తక్షణం పూర్వస్థితికి తేవాలి. మేస్త్రి దానికి వినయంగా జవాబు రాసిచ్చాడు. “తమ ఉత్తర్వు శిరసావహిస్తాను. ముందుగా ఏ నంబరు రాయిని వదులు చేయాలో సెలవియ్యండి.”

ఇరవై ఏళ్ళు రాళ్ళతో గడిపిన మనిషికి ఇంత తెలివి ఎలా వచ్చిందో మాకెవ్వరికీ అర్థం కాలేదు. నంబరు చెప్పాలంటే రాయి ఎత్తాలి. ఎత్తడానికి అనుమతి కావాలంటే నంబరు రాయాలి. అధికారిగారు పెన్ను మూత పెట్టేశారు. రెండు వారాలు ఫైలు కదల్లేదు, రాయి కదల్లేదు. అక్కగారు మాత్రం రోజూ పైకీ కిందికీ నడిచింది. కాలు వంగుతోందనీ, ఇంకో నెల ఇలాగే నడిస్తే ఇక మంచం బెంగ అక్కర్లేదనీ డాక్టరు అన్నాడు. తొలి వాన చినుకులు కూడా పడ్డాయి.

పేట పరిస్థితి వేరు. జనం పిట్టల్లా రాలిపోతున్నారు. గెంతితే ముందుకు పడటం, ఒరిగితే పక్కకు పడటం. తిన్నగా నడిచి చూద్దామా అని ఒకరిద్దరు అన్నారు. అలాంటివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. ఏడాదిన్నర కష్టపడి నేర్చుకున్న నడకను ఎవరో ఒక ముసలావిడ కోసం వదులుకోవడమా? అర్జీ రాశాం. మా కాళ్ళు సలక్షణంగా ఉన్నాయి, బాటే మొండికేసింది, కదలని రాళ్ళనుంచి మమ్మల్ని కాపాడండి అని. మూడువందల నలభై ఒక్క సంతకాలు పడ్డాయి. అధికారిగారు అర్జీ అందుకుని గద్గదస్వరంతో ఒక్కమాటే అన్నారు.

“అనుమతి నాకు కావాలి. ప్రజలకెందుకు?”

ఆ ఆదివారం శ్రమదానం. పొద్దున్న ఆరున్నరకు రెండువందలమంది గునపాలతో వచ్చారు. ఏడాదిన్నరలో బాటకని గుప్పెడు ఇసుక తెచ్చినవాళ్ళం కాదు. ఆ రోజు మాత్రం డాక్టరు గునపం తెచ్చాడు, దర్జీ తెచ్చాడు, చేతికట్టుతో ఉన్నవాళ్ళు రెండో చేత్తో తెచ్చారు. టీ ఫ్లాస్కులు, ఉత్సాహం, కేకలు, పందేలు. గేటునుంచి మొదలుపెట్టి ఒక్కో రాయినీ లేపి, కింద ఇసుక చెదరగొట్టి, వదులుగా పడేస్తూ పైకి పోయాం. రెండున్నర గంటల్లో గుట్ట మీదికి చేరాం. ఇంత కలిసికట్టుగా మా పేట ఏ పనీ చేయలేదు.

బల్ల మీద మేస్త్రి అక్క కూర్చుని ఉంది. ఆరింటికే ఎక్కిందట. ఆలస్యంగా కబురంది మేస్త్రి దిమ్మిస భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ కర్రతో ముందున్న రాయిని కొట్టింది. డొల్ల.

“చాలామందే వచ్చినట్టున్నారు నాయనా. ఇంతమంది పనిచేస్తుంటే వింటూ కూర్చున్నా. ఏదో మంచి పనే అనుకున్నా” అంది. పక్క రాయినీ కొట్టి చూసి, “మరి నేను దిగేదెలాగ?” అంది.

నాకు సిగ్గేసింది. కాదనను.  అందరం గునపాల వంక చూసుకున్నాం.

మేస్త్రి దిమ్మిస దించాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మేము చెదరగొట్టిన ఇసుకను దోసిళ్ళతో పోగుచేసి, ఆవిడ ఒక్క అడుగుకు ఆగితే చాలన్నట్టు గబగబా మొదటి రాయి కింద సర్ది దిమ్మిస వేశాడు. ఆవిడ కర్రతో కొట్టి విని, “నాలుగువందల పన్నెండు” అని కాలు పెట్టింది. ఆయన రెండో రాయికి జరిగాడు. “నాలుగువందల పదకొండు.” అలా ఒక్కో రాయీ ముందు ఆయన సర్దుతూ, వెనక ఆవిడ దిగుతూ ఉంటే, మేము దారి ఇచ్చి పక్కన నిలబడ్డాం. కొందరు బాహాటంగానే కళ్ళు తుడుచుకున్నారు.

కానీ శ్రమదానం శ్రమదానమే. మొదలుపెట్టిన పని సగంలో ఎలా వదిలేస్తాం? ఆవిడ కాలు తీసిన ప్రతి రాయినీ వెనకనుంచి మేము మళ్ళీ లేపుతూ వచ్చాం, మెల్లగా, ఆవిడకు వినపడకుండా. ఆవిడ గేటు దాటేసరికి సాయంత్రమైంది. అప్పటికి బాట మొత్తం పూర్వస్థితికి వచ్చేసింది. ఆవిడ మళ్ళీ తోటకు రాలేదు. వరండా ఉంది కదా, పదకొండు అడుగులది.

మీరు ఆ రోజు లేనంటారేమో. అర్జీలో మీ సంతకం నా సంతకానికి సరిగ్గా కిందనే ఉంది. పోతే, మీ గునపం నా దగ్గరే ఉండిపోయింది. వీలు చూసుకుని వచ్చి తీసుకెళ్ళండి. గేటు దగ్గర జాగ్రత్త, మొదటి రాయి ఎడమకు ఒరుగుతుంది. మీకు చెప్పక్కర్లేదనుకోండి, మీ నడక చూస్తూనే ఉన్నాగా.